నలుపు పోయిన బండికి నాలుగు మంచి మాటలు

మోటారు సైకిలు మీది నల్ల ప్లాస్టిక్కు వెలిసిపోయి బూడిదరంగుకు తిరగడమంత అదృష్టం మనిషికి మరొకటి లేదు!

నవ్వకండి. ఈ మాట నేను బాగా ఆలోచించి, బాల్కనీలో నిలబడి, కింద ఎండలో ఉన్న నా బండిని కళ్లారా చూసుకుంటూ రాస్తున్నాను. ముందు మడ్‌గార్డు, పక్కన ప్యానెళ్లు, హెడ్‌లైటు చుట్టూ ఉండే తొడుగు, వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే పిడి... కొన్న కొత్తలో ఇవన్నీ కాటుకలా ఉండేవి. ఇప్పుడు చల్లారిన పొయ్యిలా ఉన్నాయి. రంగు వేసిన ట్యాంకు మాత్రం ఇంకా ఎర్రగా మెరుస్తోంది. మొత్తం మీద చూస్తే, పైన పెళ్లికొడుకు కోటు తొడుక్కుని కింద పాత పైజామాతో బయల్దేరిన మనిషిలా ఉంటుంది.

అయితే ఏం? లాభాలు చూడండి!

మా ఆఫీసు పార్కింగులో బళ్లన్నీ నల్లనివే. సాయంత్రమయ్యేసరికి ఉద్యోగులందరూ తాళంచెవులు పట్టుకుని, జాతరలో తప్పిపోయిన పిల్లల్ని వెతికినట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి వెతుక్కుంటూ ఉంటారు. నేనో? మెట్ల మీంచే గుర్తుపడతాను. కాకుల గుంపులో కొంగను పోల్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

ఇక దొంగలు. ఒకసారి మా వీధిలో పడి, నా బండికి ఆ పక్కదాన్నీ ఈ పక్కదాన్నీ ఎత్తుకుపోయారు. నాది దారికి అడ్డమొచ్చింది కాబోలు, జాగ్రత్తగా పక్కకు జరిపి, స్టాండు వేసి మరీ వెళ్లారు. ఇంత మర్యాద కొత్త బండికి దక్కుతుందా?

"బండి ఒకసారి ఇస్తారా" అని అడగడానికి వచ్చిన పక్కింటాయన, దాన్ని చూసి, "బస్సు ఉందనుకుంటా" అని తనకు తానే జవాబు చెప్పుకుని వెళ్లిపోయాడు. కూడలిలో పోలీసు తళతళలాడే బళ్లను ఆపి కాగితాలు అడుగుతాడు. నన్ను చూసి మాత్రం పొమ్మని చెయ్యి ఊపుతాడు. ఆ ఊపులో జాలి ఉంటుంది. ఉండనివ్వండి! జాలికి జరిమానా లేదు కదా.

అన్నిటికన్నా గొప్పది మనశ్శాంతి. నాకు తల నెరుస్తోంది, దానికి ఒళ్లు నెరుస్తోంది. పొద్దున్నే ఒకరినొకరం చూసుకుంటాం. ఎవరూ ఏమీ అనం. ఇంతకు మించిన స్నేహం లోకంలో ఉందా?

ఇలా హాయిగా సాగిపోతున్న మా ఇద్దరి మధ్యా మా ఇంటావిడ ఒక్క మాటతో చిచ్చు పెట్టింది.

ఆవిడ ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకుండా చూడటం ఆవిడ పని. అంటే ఉద్యోగం మొత్తం ఒక్క ముక్కలో ఉంది: "చేతులు కడుక్కోండి." ఈ ముక్కే డాక్టర్లకు చెబుతుంది, వార్డుల్లో తిరిగేవాళ్లకు చెబుతుంది, పరామర్శకు వచ్చిన చుట్టాలకు చెబుతుంది. ఇంటికొచ్చాక నాకు చెబుతుంది. ఏళ్ల తరబడి ఆసుపత్రి గోడల నిండా పోస్టర్లు అంటించింది. ఆ కృషికి మెచ్చి ఆసుపత్రివాళ్లు ఆవిడకు సన్మానం పెట్టారు. భర్తను కూడా తీసుకురమ్మన్నారు.

"ఇంకేం, బండి మీద వెళ్దాం" అన్నాను.

ఆవిడ బాల్కనీలోంచి కిందికి చూసింది. చాలాసేపు చూసింది.

"మీరు మీ బూడిదగుమ్మడికాయ మీద రండి. నేను బస్సులో వస్తాను."

"దానికేమొచ్చింది? ఇంజను గడియారంలా నడుస్తుంటే!"

"ఇంజను ఎవరికి కనపడుతుందండీ? మా పెద్ద డాక్టరుగారు గుమ్మంలో నిలబడి అందరినీ పలకరిస్తుంటారు. కొత్త బట్టలు కట్టుకుని ఆయన ముందు దాని మీంచి దిగమంటారా?"

ఈ బండి కొన్నరోజున పెట్రోలు అయిపోయేదాకా ఊరంతా తిప్పమని అడిగిన మనిషి ఈవిడే. వాన వస్తున్నా దిగనంది. అలాంటిది, తన జీవితంలో పెద్ద రోజున బస్సులో వెళ్తుందట! నేను వెనక వేరేగా రావాలట! చుట్టాల పెళ్లికి వచ్చిన దూరపు బంధువులాగా!

ఆ బాధలో ఒక పొరపాటు పని చేశాను. మా బావమరిదికి ఫోన్ చేశాను.

మా బావమరిదిని ఇంట్లో అందరూ సర్వజ్ఞుడు అంటారు. అతనికి తెలియని విద్య లేదు, పూర్తి చేసిన పని లేదు. ఫోనులో ఏదో ఒక వీడియో చూడటం, దాన్ని వేరేవాళ్ల సామాను మీద ప్రయోగించడం అతని జీవితాశయం. మా వాషింగ్ మెషీను అతని వల్లే ఇప్పుడు పూలకుండీ అయింది.

పిలిచిన అరగంటలో ఒక సీసా పట్టుకుని దిగాడు.

"ఇదేంట్రా?"

"పీనట్ బటర్ బావా."

"రొట్టెకు రాసుకునేదా?"

"అదే. రొట్టెకు రాస్తే మన ఒంటికి మంచిది, ప్లాస్టిక్కుకు రాస్తే దాని ఒంటికి మంచిది. ఎండ దాని నూనెంతా పీల్చేసింది. మనం తిరిగి పెట్టాలి. శాస్త్రం బావా ఇది!"

శాస్త్రం అన్నాక నేనెంతవాణ్ణి? ఇద్దరం పాత టూత్‌బ్రష్షులతో కూర్చుని మడ్‌గార్డుకూ ప్యానెళ్లకూ వెన్న పట్టించాం. నిజం చెప్పాలి, నల్లబడింది. నేను పొంగిపోయాను.

నాకన్నా ఎక్కువ పొంగిపోయింది పై వాటావాళ్ల కుక్క. ఇన్నాళ్లూ నన్ను చూస్తే మొరిగేది. మర్నాడు పొద్దున నేను దిగేసరికి, కళ్లు మూసుకుని, తపస్సు చేస్తున్నట్టు నా మడ్‌గార్డు నాకుతోంది. కుక్క వదిలినచోట చీమలు. చీమలు వదిలినచోట మళ్లీ బూడిద. నేను బండి తీసి వెళ్తుంటే కుక్క వెంటపడింది. ఆఫీసు దాకా వచ్చింది. గేటు దగ్గర కాపలా ఆయన, "మీ మీద ఎంత విశ్వాసమో సార్" అని కళ్లు తుడుచుకున్నాడు.

చూశారా? వెలిసిన ప్లాస్టిక్కు మూగజీవాలతో బంధుత్వం కలుపుతుంది!

సర్వజ్ఞుడు వెనకాడలేదు. రెండో ప్రయోగానికి ఒక హీట్ గన్ ఎక్కణ్ణుంచో తెచ్చాడు. చూడటానికి జుట్టు ఆరబెట్టుకునే యంత్రంలాగే ఉంటుంది, కానీ దాన్ని తలకు పెడితే జుట్టూ ఉండదు, తలా ఉండదు.

"నూనె బయటినుంచి పెడితే కుక్క తింటోంది. కాబట్టి లోపలి నూనెనే బయటికి రప్పిద్దాం. వేడి తగిలితే అదే పైకొస్తుంది."

వచ్చింది! నేను అబద్ధమాడను. అతను గాలి తోలినచోటల్లా, పలక మీద తడిబట్ట పెట్టి తుడిచినట్టు, బూడిద పోయి నలుపు బయటపడింది. నాకు ఒళ్లు పులకరించింది. "ఇంకొంచెం, ఇంకొంచెం" అన్నాను. అక్కడే దెబ్బతిన్నాం. మడ్‌గార్డు చివర మెల్లగా, కొత్తకోడలు తల దించుకున్నట్టు, కిందికి వంగిపోయింది.

"ఒరేయ్! వంగిపోయింది!"

"నలుపొచ్చిందా లేదా?"

"వచ్చిందిరా, కానీ..."

"మరి? అన్నీ ఒకేసారి కావాలంటే ఎలా బావా!"

పైగా వేడి అన్నిచోట్లా సమానంగా తగలలేదు. ఒకచోట నలుపు, ఒకచోట బూడిద, మరొకచోట ఆ రెండింటికీ చెందని ఒక రకం గోధుమ. బండికి బొల్లి వచ్చినట్టయింది. సన్మానం దగ్గరపడింది. మా ఇంటావిడ బస్సు ఎన్నింటికో కనుక్కుంటోంది.

అప్పుడు సర్వజ్ఞుడు తన అమ్ములపొదిలోంచి ఆఖరి అస్త్రం తీశాడు. బూట్ పాలిష్!

"తోలును నల్లగా చేసేది ప్లాస్టిక్కును చెయ్యదా బావా? ఇంత చిన్న విషయం ఇంతమంది మేధావులకు తట్టకపోవడమేంటో!"

మేధావులకు ఎందుకు తట్టలేదో నేను ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. సన్మానం రోజు మధ్యాహ్నం ఇద్దరం కలిసి ఉన్న డబ్బాలన్నీ ఖాళీ చేశాం. ప్యానెళ్లకు రాశాం, తొడుగుకు రాశాం, తల దించుకున్న మడ్‌గార్డుకు రాశాం. వెనక పిడికైతే, మా ఆవిడ పట్టుకునేది కదా అని, ప్రేమ కొద్దీ మరో రెండు పొరలు ఎక్కువ వేశాను.

బండి మెరిసిపోయింది! పక్కింటాయన వచ్చి, "ఒకసారి ఇస్తారా" అని మళ్లీ అడిగాడు. అంతకన్నా రుజువు కావాలా?

మా ఇంటావిడ కిందికి వచ్చింది. పాలమీగడ రంగు డ్రెస్సు వేసుకుంది. బండి చూసి ఆగిపోయింది.

"ఇది మనదేనా?"

"మనదే. బస్సుకు టైమయింది, వెళ్లు మరి" అన్నాను బింకంగా.

ఆవిడ నవ్వింది. బండి కొన్నరోజు నవ్విన నవ్వు అది. "చాల్లెండి, తియ్యండి బండి" అని హెల్మెట్ పెట్టుకుని వెనక ఎక్కింది. నేను చేతులకు గ్లవ్స్ వేసుకుని, రాజకుమారుడిలా కిక్కు కొట్టాను. సాయంత్రం ఎండ ఇంకా చురుక్కుమంటోంది. మొదటి స్పీడ్ బ్రేకర్ రాగానే, బాధ్యత తెలిసిన భర్తగా, "పిడి గట్టిగా పట్టుకో" అని చెప్పాను.

ఆవిడ గట్టిగా పట్టుకుంది. దారంతా పట్టుకుంది.

ఆసుపత్రి హాలు గుమ్మంలో పెద్ద డాక్టరుగారు నిలబడి ఉన్నారు. తెల్లని గడ్డం, తెల్లని కోటు. "ఏమ్మా, బండి కొత్తదా? బ్రహ్మాండంగా ఉందే!" అన్నారు. నా ఛాతీ ఉబ్బి చొక్కా బొత్తాలు కిర్రుమన్నాయి. ఆవిడ హెల్మెట్ తీసి నాకిచ్చి, ఆయనతో చేతులు కలిపింది. ఆవిడ వచ్చిందన్న ఆనందంలో ఆయన రెండు చేతులతో పట్టుకుని ఊపారు. సాయంత్రం వెలుగు తగ్గుతోంది. ఎవరూ ఏమీ చూడలేదు.

పెద్ద డాక్టరుగారికి ఆలోచిస్తూ గడ్డం నిమురుకునే అలవాటుంది. మేం హాల్లో కూర్చునేలోగా ఆయన పదేళ్లు చిన్నవాడైపోయారు.

ఆయనతో చెయ్యి కలిపిన పరిపాలనాధికారి కళ్లజోడు సర్దుకున్నాడు. ముక్కు మీద నల్లని గీత. పిల్లల డాక్టరమ్మ చేతికి ఆయన పూలగుత్తి అందించాడు. ఆవిడ ఎవరి పిల్లాణ్ణో బుగ్గ గిల్లింది. పిల్లాడు వాళ్లమ్మను పట్టుకున్నాడు. వాళ్లమ్మ ముందున్నాయన వీపు తట్టి, కాస్త పక్కకు జరగమంది. నేను వరసలో కూర్చుని, ఆసుపత్రివాళ్లంతా ఇంత నల్లగా ఎందుకున్నారా అని ఆశ్చర్యపోతున్నాను.

దీపాలన్నీ వెలిగించారు. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కసారే గగ్గోలు!

"ఎవరిదీ పని?" అని పరిపాలనాధికారి లేచి అరిచాడు. "కుర్చీలకు రంగు వేసిన మేస్త్రీ ఎక్కడ? తడి ఆరకముందే పెట్టేశాడు! రేపటినుంచి పనిలోకి రావద్దని చెప్పండి!"

వెనక గోడ దగ్గర నిలబడ్డ మేస్త్రీ ముఖం పాలిపోయింది. "నేను వేసింది క్రీం రంగండీ" అన్నాడు. ఎవరు వింటారు?

అప్పటికి నాకు అర్థమైంది. లేచి నిజం చెప్పాలి. లేవబోయాను. నాకన్నా ముందు మా ఇంటావిడ లేచింది. ఆవిడ తన అరచేతులు చూసుకుంది. తర్వాత నావైపు చూసింది. ఆ చూపులో ఉన్న మాటలు ఈ పత్రిక అచ్చువేయదు.

నేరుగా వెళ్లి మైకు అందుకుంది. గడ్డం కింద, హెల్మెట్ పట్టీ బిగించుకున్నచోట, నల్లగా ఒక చార.

"మేస్త్రీని ఏమీ అనకండి. ఎవరూ కదలకండి. చేతులు దేనికీ తగలనివ్వకండి" అంది. అది ఆవిడ ఉద్యోగపు గొంతు. ఆ గొంతు వింటే ఇంట్లో నేనే కాదు, కుళాయి కూడా కారడం ఆపేస్తుంది. "బాబూ, నీ బుగ్గ ఎవరు గిల్లారు?"

పిల్లాడు పిల్లల డాక్టరమ్మను చూపించాడు.

"డాక్టరుగారూ, మీకు పూలగుత్తి ఎవరిచ్చారు?"

ఆవిడ పరిపాలనాధికారిని చూపించింది. ఆయన పెద్ద డాక్టరుగారిని చూపించాడు. పెద్ద డాక్టరుగారు గడ్డం మీంచి చెయ్యి తీసి, మా ఆవిడను చూపించారు. హాలంతా నవ్వు మొదలైంది.

"నాకు ఎక్కణ్ణుంచి అంటిందో అది మా ఇంటి విషయం, ఇంటికెళ్లాక చూసుకుంటాను" అంది ఆవిడ. నవ్వు పెద్దదైంది. కానీ ఆవిడ నవ్వలేదు. "ఇప్పుడు అసలు సంగతి చెప్పండి. గుమ్మం నుంచి ఇక్కడికి వచ్చే దారిలో కుళాయి ఉంది. పక్కన సబ్బు ఉంది. దాని పైన నా పోస్టరుంది. మీలో ఎవరైనా ఆగారా?"

నవ్వు ఆగిపోయింది.

"నేనూ ఆగలేదు. సన్మానం హడావుడిలో నేను కూడా ఆగలేదు. ఇన్నేళ్లుగా క్రిములు కంటికి కనపడవు కాబట్టి మీరెవరూ నా మాట నమ్మలేదు. ఇవాళ మావారి పుణ్యమా అని కనపడ్డాయి. దీనికన్నా మంచి పాఠం నేను జన్మలో చెప్పలేను. పదండి, అందరం వెళ్లి కడుక్కొద్దాం. సన్మానం తర్వాత."

పెద్ద డాక్టరుగారు ముందు లేచారు. ఆయన వెనక హాలంతా కుళాయి ముందు వరసకట్టింది. ఆవిడ పక్కన నిలబడి, "గోళ్ల సందుల్లో డాక్టరుగారూ, గోళ్ల సందుల్లో" అని చెబుతోంది. ఎవరు ఎదురుచెబుతారు? పరిపాలనాధికారి ముక్కు రుద్దుకుంటూ మేస్త్రీకి క్షమాపణ చెప్పాడు. బూట్ పాలిష్ సబ్బుకు అంత త్వరగా వదలదు కాబట్టి ప్రతివాళ్లూ జీవితంలో మొదటిసారి కడగాల్సినంతసేపు కడిగారు.

చూశారా నల్ల ప్లాస్టిక్కు మహిమ? అది వెలిసిపోకపోతే ఆ ఆసుపత్రి చేతులు ఏ జన్మకు శుభ్రపడేవి!

సభ అయిపోయింది. పార్కింగులో బండి పక్కన నిలబడి, నేలచూపులు చూస్తూ, "బస్సులో వెళ్తావా?" అని అడిగాను.

"ఈ అవతారంతో నన్ను బస్సెక్కనిస్తారా? పోనివ్వండి." ఎక్కింది. పిడి జోలికి వెళ్లలేదు. నా భుజాలు పట్టుకుంది. కొంతదూరం వెళ్లాక, వెనకనుంచి కుదుపు మొదలైంది. ఏడుస్తోందేమోనని బండి ఆపాను. నవ్వుతోంది. కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుతోంది.

"పెద్ద డాక్టరుగారి గడ్డం..." అంది. రోడ్డు పక్కన బండి ఆపుకుని ఇద్దరం చాలాసేపు నవ్వాం. వచ్చేపోయేవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. చూస్తే చూడనివ్వండి.

ఆ వారంలోనే వాన పడింది. పాలిష్ అంతా కారి, నల్లని కాలువై వీధి మలుపు దాకా పోయింది. కింద మళ్లీ అదే బూడిద.

"తమ్ముణ్ణి పిలవకండి, మీకు దణ్ణం పెడతాను" అంది మా ఇంటావిడ. "దాన్ని తయారుచేసినవాళ్లనే వెళ్లి అడగండి."

న్యాయమే కదా! షోరూముకు వెళ్లాను. అంతా అద్దాల గోడలు, ఏసీ చల్లదనం. లోపలున్న బళ్లకు ఈగ వాలితే జారిపడేంత నలుపు. టై కట్టుకున్న ఒకాయన బయటికి వచ్చి, నా బండి చుట్టూ ఒకసారి తిరిగి, పోయినవాళ్ల ఇంట్లో మాట్లాడే గొంతుతో అన్నాడు:

"ఎండలో పెట్టారా సార్?"

"అంటే... నడిపాను."

"అదే సార్ పొరపాటు. ఈ ప్లాస్టిక్కు మీద ఎండ పడనివ్వకూడదు."

"వాన?"

"వాన కూడా మంచిది కాదు."

"దుమ్ము?"

"అయ్యో, దుమ్ము అసలు తగలకూడదు సార్."

"మరి ఎక్కడ నడపమంటారు?"

ఆయన చాలా మర్యాదస్తుడు. ఆలోచించాడు. నన్ను లోపలికి తీసుకెళ్లి కొత్త మోడలు చూపించాడు. మీరు ఊహించింది నిజమే, దానికి నల్ల ప్లాస్టిక్కు ఇంకా ఎక్కువ. దాని వెనక గోడంత బొమ్మ. అందులో అదే బండి, కనుచూపు మేర ఇసుక, నడినెత్తిన నిప్పులు చెరిగే సూర్యుడు.

"ఇదెక్కడండీ?" అని అడిగాను.

"ఎడారి సార్. మా బండికి అడ్డే లేదని చెప్పడానికి."

"మరి అక్కడ ఎండ లేదా?"

ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, జాలిగా చెప్పాడు.

"అది కంప్యూటర్లో వేసిన ఎండ సార్. దానికేం కాదు."

పాఠకులారా, ఆ ఎండ కాసే ఊరు మీకెవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. నేనూ మా ఇంటావిడా ఇల్లు మారడానికి సిద్ధంగా ఉన్నాం.